మన భాష కాగితం

మిల్లు ఊరికే టీ ఇవ్వదు.

వేదనాయకి పద్దెనిమిదేళ్ళుగా రాజపాళయం నూలు మిల్లులో కోన్లు చుడుతోంది. ఈ పద్దెనిమిదేళ్ళలో మిల్లు ఆమెకు ఊరికే ఇచ్చింది దూది దుమ్ము ఒక్కటే, అది కూడా నేరుగా ఊపిరితిత్తుల్లోకి. అట్లాంటి మిల్లు ఆ ఆదివారం ఆడవాళ్ళందరికీ టీ ఇచ్చింది. టీతో పాటు వడ కూడా ఇచ్చింది. వడ చూడగానే వేదనాయకికి ఆకలి పోయి అనుమానం పట్టుకుంది.

సైకిల్ కూట్టం వాళ్ళ మీద మొదట ఆమెకు కోపమేమీ లేదు. టౌనులో పది పన్నెండు మంది కలిసి పెట్టుకున్న గుంపు అది. పోస్టాఫీసులో పనిచేసే శరవణకుమార్ దానికి పెద్ద. ఇళ్ళ వెనక తుప్పు పట్టి పడి ఉన్న పాత సైకిళ్ళు అడిగి తెచ్చి, చెయిన్లు మార్చి, బ్రేకులు బిగించి, కావాలన్న ఆడవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. ఆదివారం తొక్కడం నేర్పేవాళ్ళు. టౌనులో పొగ తగ్గాలి, ఆడవాళ్ళు ఎవరి కాళ్ళ మీద వాళ్ళు తిరగాలి అనేవాళ్ళు. అంతవరకు బాగానే ఉంది. నెల కిందట ఆ పాఠం ఖాళీ మైదానం నుంచి మిల్లు గోడౌన్ ముందున్న సిమెంటు నేల మీదికి మారింది. మారింది అంటే, మిల్లులో మనుషుల వ్యవహారాలు చూసే ఆఫీసరు రాజ్‌మోహన్ పిలిచి మరీ చోటిచ్చాడు. అదిగో, అక్కడ మొదలైంది ఆమె దురద.

"పెద్దమ్మా, ఇట్ల చూడు! చేయి వదిలినాను!" అని అరిచింది జయప్రియ. మంసాపురంలో వేదనాయకి పక్కింటి పిల్ల, ఇరవై రెండేళ్ళది, అదే మిల్లులో పని, రోజూ అదే మిల్లు వ్యానులో రాకపోకలు. సిమెంటు నేల మీద గుండ్రంగా తిరుగుతోంది.

"చేయి వదిలితే పళ్ళు వదుల్తాయి. పట్టుకో!"

నలుగురూ నవ్వారు. ఆ నవ్వులోనే రాజ్‌మోహన్ వచ్చి కాగితాల కట్ట విప్పాడు. బజారు వీధిలో పాతకాలపు వ్యాపారస్తుల ఇంటి బిడ్డ. ఇస్త్రీ మడత చెదరని చొక్కా.

"మంసాపురం వ్యాన్లో వచ్చేవాళ్ళంతా మన తెలుగోళ్ళే కదా," అన్నాడు. "మనకు తమిళ కాగితం ఎందుకు? కష్టపడి మన భాషలోనే అచ్చు వేయించినాను. సైకిల్ తొక్కుతాము అని ఒక ఉరుది. మాట ఇచ్చేది, అంతే. కింద కయ్యెళుత్తు, అదే సంతకం, పెట్టి వడ తినండి."

ఆడవాళ్ళు కాగితం చేతులు మార్చుకున్నారు. ఇంట్లో పుట్టినప్పటి నుంచి తెలుగే. తిట్టుకున్నా, ఏడ్చినా, జోల పాడినా తెలుగే. బడికి పోయింది మాత్రం తమిళంలో. నాలుక మీద ఒక భాష, కలంలో ఒక భాష. తెలుగు అక్షరాన్ని ఇంత దగ్గరగా చూసిన ఆడమనిషి ఆ గుంపులో ఒక్కతీ లేదు.

"ఎంత ముద్దుగా ఉండాదే, జాంగిరి చుట్టినట్టు!" అంది ఒకతి. ఇంకొకతి కాగితాన్ని కళ్ళకు అద్దుకుంది. మొదటి సంతకం జయప్రియ పెట్టింది. ఒకతి పెట్టాక ఇంకేముంది? గొర్రెల మందకు దారి చూపడానికి ఒక గొర్రె చాలు. జాంగిరి అక్షరాల కింద ముప్పై ఒక్క తమిళ సంతకాలు పడ్డాయి.

వేదనాయకి దగ్గరికి వచ్చేసరికి ఆమె వరసలు లెక్కపెట్టింది. "సార్, ఏమి రాసుండాది ఇందులో?"

"సైకిల్ తొక్కితే ఒంటికి మంచిది అని."

"అంత చిన్న మాటకు పన్నెండు వరసలా?"

రాజ్‌మోహన్ నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. "విళక్కంగా, అంతా విడమరిచి రాసినారు అక్కా."

"సరి. నేనూ విళక్కంగా ఆలోచించి పెడతాను." సంతకం పడని అచ్చు కాగితం ఒకటి మడిచి రవికెలో దోపుకుంది.

"మా అక్కకు ఇడ్లీలో కూడా పోలీసు కనబడతాడు," అని వెనక నుంచి ముత్తమ్మాళ్ అంది. మళ్ళీ నవ్వు. ఆ నవ్వుకు వేదనాయకి తల తిప్పలేదు. ఆమె చూపు ఇంకోచోట ఉంది. సంతకాలు పడ్డ కాగితాలను రాజ్‌మోహన్ ఒక్కొక్కటే ఫోనుతో ఫోటో తీశాడు. తీశాక కట్టను శరవణకుమార్ సంచిలో వేయలేదు. తన కారులో పెట్టుకున్నాడు.

సైకిల్ కూట్టం మాట, సైకిల్ కూట్టానికి ఇచ్చిన మాట, మిల్లు ఆఫీసరు కారు ఎక్కడమేమిటి?

మర్నాడు పని దిగి వేదనాయకి బజారుకు పోయింది. పప్పూ ఉప్పూ అమ్మే పలసరకు కొట్టు బాలగురుస్వామి చెట్టియారుకు డెబ్బై దాటాయి. తన ముత్తాత తెలుగులో జాబులు రాసేవాడని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పే మనిషి. కాగితం ఇవ్వగానే కళ్ళజోడు తుడిచాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"మంచి విషయందా రాసినారు," అన్నాడు.

"ఏమని?"

"మంచిదని."

"చదవండి చెట్టియారే, వింటాను."

"ఎళుత్తు చిన్నది అమ్మా. కన్ను ఆనలేదు."

"ఇప్పుడేగా బిస్కెట్ పొట్లం మీది తేదీ చదివి ఆ అమ్మిని వెనక్కి పంపినారు? చీమ తలకాయంత అక్షరం ఆనినాది, ఇది ఆనలేదా?"

చెట్టియారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బయట చెప్పవద్దు తల్లీ. నాకు రాదు. మా నాయనకూ రాదు. ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. వస్తాదని చెప్పేవాళ్ళు ఉండారు, అంతే."

"రాజ్‌మోహన్ సారుకు?"

"వాడా!" చెట్టియారు నోటికి అడ్డంగా తుండు పెట్టుకుని నవ్వాడు. "తిరుపతి నుంచి మా సంబంధం వాళ్ళ కల్యాణ పత్రిక వచ్చినాది. వాడు తీసుకుని గడగడా చదివినాడు. సభలో అందరూ మెచ్చుకున్నారు. వాడు చెప్పిన ముహూర్తానికి మేము పోతే, పెండ్లి ముందురోజే అయిపోయింది!"

వేదనాయకి నవ్వలేదు. ఆ మాటను కూడా కాగితంలాగే మడిచి దాచుకుంది.

గురువారం హాజరు వేసే టైం ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. ఈసారి జాంగిరి లేదు. అందరికీ బాగా అర్థమయ్యే తమిళం. కార్మికులు తామే కోరి రాసి ఇచ్చినందువల్ల ఒకటో తేదీ నుంచి మంసాపురం వ్యాను నిలిపివేయడమైనది.

వ్యాను లేకపోతే ఏమవుతుందో గోడ ముందు నిలబడ్డ ప్రతి ఆడదానికీ తెలుసు. షిఫ్టు ఆరింటికి. మంసాపురం నుంచి మొదటి టౌన్ బస్సు మిల్లు దగ్గర ఆగేసరికి ఆరూ ఇరవై. పది నిమిషాలు ఆలస్యమైతే గేటు వేస్తారు, ఆ రోజు కూలి పోతుంది. మూడు రోజులు వరసగా పోతే పనే పోతుంది. ముత్తమ్మాళ్ కాలికి ఆపరేషన్ అయి రాడ్డు వేశారు. పరమేశ్వరికి ఆరో నెల. వేదనాయకి మోకాళ్ళు రోజుకు ఎనిమిది గంటలు నిలబడి నిలబడి కొయ్యబారాయి. పన్నెండు కిలోమీటర్లు తొక్కాలట! తొక్కి వచ్చి మళ్ళీ ఎనిమిది గంటలు నిలబడాలట!

"నేను సైకిల్లో పోతాను. నన్నెందుకు గుర్రుగా చూస్తావు పెద్దమ్మా?" అంది జయప్రియ, ఏడుపు మొహంతో.

"నువ్వు పోతావు. మీదికెక్కి గాల్లో పోతావు. ముత్తమ్మాళ్‌ను వెనక కట్టుకుని పోతావా?"

"నాకు తెలిసి పెట్టినానా?"

"తెలియకుండా పెట్టినావు. అదే కదా నేను తిట్టేది!"

ఆ పిల్ల గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. వేదనాయకికి నోరు చేదైంది. అయినా వెనక్కి పిలవలేదు. జాలి తర్వాత. ముందు కాగితం.

చదివే మనిషి మిల్లు గేటు దగ్గరే దొరికాడు. గుంటూరు నుంచి దూది బేళ్ళు తెచ్చిన లారీ రెండు రోజులుగా దించేవాళ్ళు లేక గేటు పక్కన నిలబడి ఉంది. దాని డ్రైవరు యల్లమంద, నరసరావుపేట వైపు మనిషి, లారీ నీడలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"అన్నా, తెలుగు చదవను వస్తాదా మీకు?"

యల్లమంద తలెత్తి ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా, మాట మా అమ్మమ్మ మాటలాగుంది! మీరు తెలుగువాళ్ళా? తెలుగువాళ్ళయ్యుండి చదవటం రాదా?"

"మీకు వస్తాది కదా. చదవండి."

కత్తి పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని చదివాడు. "'నేను ఈ మిల్లునందు పనిచేయు కార్మికురాలను. ఎవరి ఒత్తిడియు లేక, నా పూర్తి సమ్మతితో, ఇకమీదట సొంత సైకిలుపై విధులకు హాజరు కాగలనని తెలియజేయుచున్నాను. కంపెనీ వారి వ్యాను నాకు అవసరము లేదు. మార్గమధ్యమున జరుగు ఏ ప్రమాదమునకును కంపెనీ వారు బాధ్యులు కారు.' ఇదమ్మా."

"సమ్మతి అంటే?"

"ఇష్టమని. ఇష్టపడి వ్యాను వద్దని రాసిచ్చారు. దార్లో లారీ గుద్ది చచ్చినా మిల్లుకు సంబంధం లేదని కూడా రాసిచ్చారు. ఎవరమ్మా రాయించింది? దుర్మార్గుడు, చక్కగా రాయించాడు."

వేదనాయకి కాగితం తిరిగి తీసుకుని మడిచింది. పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాషలోనే గొంతు కోశారు, కత్తి తన భాషే కదా అని ముద్దు పెట్టుకునేట్టు చేసి మరీ కోశారు.

"అన్నా, మీ బండిలో ఇంకేదన్నా తెలుగు కాగితం ఉండాదా? బొమ్మలు లేనిది. ఇంతే పొడుగుది."

యల్లమంద సీటు కింద వెతికి ఒకటి తీశాడు. చూసి, ఆమె మొహం చూసి, ఏదో అర్థమైనట్టు మీసం దువ్వుకున్నాడు. "రేపు మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటానమ్మా. బేళ్ళు దించేదాకా నాకెట్టాగూ పనిలేదు."

ఆ సాయంత్రమే శరవణకుమార్ ఇంటికి పోయింది. వాకిట్లో చెయిన్ విప్పి మట్టినూనెలో కడుగుతున్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఎంతకు అమ్మినావు అణ్ణాచ్చి మమ్మల్ని?"

ఆయన చేతిలో చెయిన్ జారింది. ఆమె కాగితంలో ఉన్నదంతా చెప్పింది. ఆయన మొహం మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. నల్లటి చేతులతోనే ఫోను తీసి చూపించాడు. ఆయన తమిళంలో రాసింది నాలుగు వరసలు. వారంలో ఒక్క రోజు, వీలైనవాళ్ళు, స్కూటర్ వదిలి సైకిల్ తొక్కుతాము. అంతే. దాని కింద రాజ్‌మోహన్ జవాబు: మనవాళ్ళకు తెలుగులో వేద్దాం, నేను వేయిస్తాను.

"అచ్చయి వచ్చినాక నువ్వు చదివినావా?"

ఆయన జారిన చెయిన్ తీసి మళ్ళీ మట్టినూనెలో వేశాడు.

"మీ ఇంట్లోనూ తెలుగే కదా?"

"ఆమా అక్కా, తెలుగే. కానీ..." ఆయన నేల చూశాడు. "నాకు రాదని సారు ముందర చెప్పను సిగ్గయింది. నాలుగు వరసలు పన్నెండు ఎట్లా అయినాయని నాకూ తోచినాది. అడగలేదు."

దొంగతనం చేసేవాడు ఒకడే ఉంటాడు. సిగ్గుపడి నోరు మూసుకునేవాళ్ళు ఊరినిండా ఉంటారు. అందుకే దొంగకు బతుకుతెరువు.

"రేపు రెండింటికి గేటు దగ్గరికి రా. ఈ ఫోను తీసుకుని రా. వస్తే మనిషివి. రాకపోతే నువ్వు వాళ్ళ మనిషివి."

"వస్తాను అక్కా, సత్యంగా."

ఆమె నమ్మలేదు. నమ్మకం మీద పని పెట్టుకునేదైతే ఆమె రవికెలో రెండు కాగితాలు ఉండవు.

మర్నాడు రెండింటికి షిఫ్టు దిగింది. మంసాపురం వ్యాను ఇంజను ఆన్ చేసి నిలబడి ఉంది. ముప్పై ఇద్దరు ఆడవాళ్ళలో ఒక్కతీ ఎక్కలేదు. టైం ఆఫీసు ముందు నిలబడ్డారు. లోపలికి పోవాల్సిన రెండో షిఫ్టు వాళ్ళు, ఏమి జరుగుతోందో చూద్దామని, వాళ్ళూ నిలబడ్డారు. యల్లమంద లారీని సర్దుతున్నట్టు సర్దుతూ గేటుకు అడ్డంగా పెట్టి దిగాడు. శరవణకుమార్ జాడ లేదు, జయప్రియా కనబడలేదు.

రాజ్‌మోహన్ బయటికి వచ్చాడు. "ఏమి కూట్టం ఇది? మీరు రాసిచ్చినారు, మిల్లు ఒప్పుకునింది. ఇప్పుడు ఏమి?"

వేదనాయకి రెండు చేతులూ కట్టుకుంది. ఆమె అంత వినయంగా నిలబడడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"కోపం వద్దు సార్. మేము ఏమి మాట ఇచ్చినామో మరిచిపోయినాము. చదువురాని వాళ్ళము. మీరు పెద్ద ఇంటివాళ్ళు, తెలుగు వచ్చినవాళ్ళు. ఒక్కసారి చదివి వినిపిస్తే సరి, ఇంటికి పోతాము." అంటూ రవికెలోంచి కాగితం తీసి ఇచ్చింది.

రాజ్‌మోహన్ కాగితం చూశాడు. చుట్టూ వంద మంది. రాదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఆ మాట ఆ ఇంటి మగవాళ్ళు మూడు తరాలుగా అనలేదు. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, గొంతు సవరించుకుని, వరస వెంట వేలు పెట్టి మొదలుపెట్టాడు.

"'నేను ఈ మిల్లులో పనిచేసే ఆడమనిషిని. నా ఇష్టంగా, ఎవరూ బలవంతం చేయకుండా, సొంత సైకిల్లో వస్తాను. మిల్లు వ్యాను నాకు అక్కర లేదు. దోవలో ఏమైనా మిల్లుకు బాధ్యత లేదు.' విన్నారా? ఇదే మీరు పెట్టిన కయ్యెళుత్తు!"

వెనక నుంచి ఒక ఈల వినబడింది. యల్లమంద ఆడవాళ్ళను తప్పుకోమంటూ ముందుకు వచ్చి, ఆఫీసరు చేతిలోని కాగితం మీదికి వంగాడు.

"సార్, తమరు చాలా బాగా చదివారండీ. కాకపోతే ఇది మిరపతోటకు ముడత తెగులు మందండీ. లీటరు నీళ్ళకు రెండు మిల్లీలు కలిపి ఆకు అడుగున కొట్టమని రాసుంది. ఇందులో వ్యాను లేదండీ, సైకిలూ లేదండీ."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ముత్తమ్మాళ్ నవ్వింది. ఆ నవ్వు రెండు షిఫ్టుల మీదుగా పాకి వాచ్‌మన్ దాకా పోయింది.

రాజ్‌మోహన్ చెవులు కాలిపోతున్నాయి. "మోసం! కాగితం మార్చి ఇచ్చినావు నువ్వు!"

"ఆమా సార్, మోసమే," అంది వేదనాయకి. చేతులు విప్పేసింది. "చదవను రానివాళ్ళ చేతిలో ఏ కాగితం పెట్టినా తల ఊపుతారు కదా? ముప్పై ఒక్కమంది ఊపినారు. మీరు ముప్పై రెండు. ఇంకొక మాట. సైకిల్ తొక్కితే ఒంటికి మంచిదని రాసుండాదని ఆదివారం చెప్పినారు. ఇప్పుడు మిరపమందు కాగితం చూసి వ్యాను వద్దని చదివినారు. చదవను రాకుండానే లోపల ఏముండాదో మీకెట్లా తెలిసింది?"

అప్పుడు వచ్చాడు శరవణకుమార్, రొప్పుతూ, సైకిల్ మీద. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. ఆయన ముందు జయప్రియ తన సైకిల్ మీద దారి తీస్తూ వచ్చింది. షిఫ్టు దిగగానే ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా పోస్టాఫీసుకు తొక్కి, ఆయన్ను బయటికి లాక్కుని వచ్చింది. ఆయన ఫోనులోని నాలుగు తమిళ వరసలు, రాజ్‌మోహన్ జవాబుతో సహా, గట్టిగా చదివాడు. రాజ్‌మోహన్ ఆయన్నే గుడ్లురిమి చూస్తున్నాడు. అయినా చదివాడు.

ఇంక చెప్పేదేముంది? దూది లారీ గేటులో ఉంది, రెండో షిఫ్టు గేటు బయట ఉంది, లోపల మిషన్లు నిలబడ్డాయి. మిల్లుకు సిగ్గు లేకపోవచ్చు గానీ నిలబడ్డ మిషను లెక్క బాగా తెలుసు. పావుగంటలో పైనుంచి ఫోను వచ్చింది. వాచ్‌మన్ వచ్చి గోడ మీది నోటీసు గోకేశాడు. "ప్రస్తుతానికి వ్యాను నడుస్తాది," అన్నాడు రాజ్‌మోహన్, ఎవరి మొహమూ చూడకుండా.

అందరూ చప్పట్లు కొట్టారు. వేదనాయకి కొట్టలేదు. ప్రస్తుతానికి అనే మాట ఆమె చెవిలో దూది నలుసులా పడింది.

పై ఆదివారం పాఠం మళ్ళీ మైదానంలో పెట్టారు. టీ లేదు, వడ లేదు. శరవణకుమార్ కొత్త కాగితం తెచ్చాడు, తమిళంలో. వేదనాయకి అది మూడుసార్లు చదివింది. తిప్పి వెనక చూసింది. ఎండకు ఎత్తి పట్టి చూసింది.

"అంతా సరిగా ఉండాది," అని తిరిగి ఇచ్చేసింది.

"పెట్టవా అక్కా?"

"సరిగా ఉండాది అన్నాను. పెడతాను అన్నానా?"

సోమవారం తెల్లవారి వ్యాను మంసాపురం దాటుతుంటే కిటికీలోంచి జయప్రియ కనిపించింది. ముందు బుట్టలో సద్ది, వెనక జడ ఎగురుతూ, రోడ్డంతా తనదే అన్నట్టు తొక్కుతోంది. వ్యాను పక్కకు వచ్చినప్పుడు ఒక చేయి వదిలి ఊపింది.

"పట్టుకోవే!" అని వేదనాయకి కిటికీలోంచి అరిచింది. కళ్ళు మాత్రం దాటిపోయేదాకా ఆ పిల్లనే చూశాయి.

మిల్లు గేటు దగ్గర వ్యాను ఆగగానే టైం ఆఫీసు మనిషి చేతిలో చిన్న పుస్తకంతో తలుపు దగ్గరికి వచ్చాడు. ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. దిగండి అనలేదు. తల లోపలికి పెట్టి, ఒక్కొక్క వరసా చూస్తూ, పెదవులు కదుపుతున్నాడు. మనుషుల్ని కాదు. ఖాళీ సీట్లను లెక్కపెడుతున్నాడు. ప్రస్తుతానికి అంటే ఇదన్నమాట.

వేదనాయకి పక్కన జయప్రియ సీటు ఖాళీగా ఉంది. వాడి చూపు ఇంకా రెండు వరసల అవతల ఉండగానే ఆమె తన సద్ది సంచి తీసి ఆ సీట్లో పెట్టింది. దాని మీద తన తుండు పరిచింది.

"అక్కడెవరు?" అన్నాడు వాడు.

"వస్తాది," అంది వేదనాయకి. "రాసుకో."